బురదకు వయసు కూడా రాసిపెట్టు

చిరంజీవి శ్రావణికి,

తార్నాక నుంచి పెదనాన్న ఆశీస్సులు. నీకు టైలింగ్స్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. టైలింగ్స్ అంటే ఖనిజం తీశాక మిగిలే బురదే కదా, ముప్ఫై ఏళ్లు ఆ గనుల బురదతోనే గడిపాను, తల్లీ.

దాన్ని నీళ్లలాగా అనుకోవద్దు. నీళ్లు కాస్త వంచినా పారతాయి. చిక్కటి బురద కొంత బలం పడేదాకా అసలు కదలదు. ఆ బలాన్నే యీల్డ్ స్ట్రెస్ అంటాం, పాస్కల్స్‌లో కొలుస్తాం. సన్నటి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని లోపల అల్లిక కడతాయి. కలిపితే అది తెగుతుంది, వదిలేస్తే మళ్లీ కట్టుకుంటుంది. గడ్డపెరుగును గరిటెతో తిప్పితే జారుతుంది చూడు, అలాగే. కాకపోతే పెరుగు మళ్లీ గడ్డకట్టదు, బురద చాలావరకు కోలుకుంటుంది.

ఈ సంగతి ఒక ఫ్యాక్టరీలో దెబ్బ తిన్నాకే నాకు తెలిసింది. అప్పుడే కలిపిన శాంపిల్‌ను కొలిచి పంపు లెక్క ఇచ్చాను. రెండు నెలలు బాగానే నడిచింది. ఒక రాత్రి కరెంటు పోయి, పైపులో బురద ఎనిమిది గంటలు కదలకుండా ఉండిపోయింది. పొద్దున పంపు వేస్తే కదల్లేదు. ప్రెషర్ పెంచితే గాస్కెట్ పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, పైపు విప్పి లోపల గడ్డకట్టింది తీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఎండలో పార పట్టిన ఆ కార్మికుల ముందు తలెత్తలేకపోయాను.

అందుకే శాంపిల్‌ను బాగా కలిపి ఐదారు బీకర్లలో పోసి, ఆరిపోకుండా మూతలు పెట్టు. పది నిమిషాలయ్యాక ఒకటి, గంటయ్యాక ఒకటి, నాలుగు గంటలయ్యాక ఒకటి, మర్నాడు ఒకటి కొలువు. ఒకసారి కొలిచిన బీకర్‌ను మళ్లీ కొలవకు, దాని అల్లిక నువ్వే తెంపేశావు. వేన్‌ను, అంటే చివర రెక్కలున్న కొలిచే కడ్డీని, మెల్లగా దించి, మెల్లగా తిప్పు. 1980లలో మెల్‌బోర్న్‌లో న్గుయెన్, బోగర్ అనే పరిశోధకులు ఈ పద్ధతిని నిలబెట్టారు. సైట్‌లో వేన్ లేకపోతే రెండు వైపులా తెరిచిన పైపు ముక్కలో బురద నింపి, పైపును నిటారుగా పైకి లేపు. బురద ఎంత కుంగిందో కొలిస్తే యీల్డ్ స్ట్రెస్ అంచనా వేయొచ్చు. నాకిప్పటికీ అదే ఇష్టం.

పలచన చేయాల్సి వస్తే ల్యాబ్‌లోని బోరు నీళ్లు పోయకు. మన హైదరాబాద్ బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, అది రేణువులను దగ్గరకు లాగి ఫలితాన్నే మార్చేస్తుంది. ప్లాంట్ నీళ్లే తెప్పించుకో. ఫ్లాక్యులెంట్ (రేణువులను ముద్దలుగా చేర్చే మందు) వేసిన బురదైతే పంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి శాంపిల్ తీయి. పంపులో చిరిగిన ఆ ముద్దలు పూర్తిగా తిరిగి రావు. అల్యూమినా ప్లాంట్ ఎర్ర బురదలో క్షారం ఉంటుంది, చర్మం కాలుతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో టైలింగ్స్ కట్ట కూలి 270 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ భూకంపం రాలేదు. అంతకు రెండున్నరేళ్ల ముందే అక్కడ నింపడం ఆపేశారు, పైన గడ్డి కూడా మొలిచింది. లోపల తడిగా ఉన్నది కొన్ని క్షణాల్లోనే ద్రవమై ఊళ్ల మీదికి వచ్చింది. నువ్వు రాసే అంకెను నమ్మి ఎక్కడో ఒకరు కట్ట ఎత్తు పెంచుతారు. పక్కనే కలిపిన సమయం, కొలిచిన సమయం, వేడి, ఘనపదార్థ శాతం రాయకుండా రిపోర్ట్ మీద సంతకం పెట్టకు. ఎవరు తొందరపెట్టినా సరే.

ఆదివారం ఇంటికి రా. నా పాత వేన్ నీకిస్తాను. షాఫ్ట్ కొద్దిగా వంగింది, వాడేముందు సరిచేయించుకో.

ప్రేమతో,
పెదనాన్న