సంఘ కార్యదర్శి అయిన నా తమ్ముడి కూతురికి

అమ్మలూ,

ప్రభువు నామంలో శుభములు. పాత మందిరం తీసేసి కొత్తది కట్టాలని సంఘం తీర్మానించిందనీ, ఆ పని నీ మీద పెట్టారనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. మన సంఘానికి ఆడపిల్ల కార్యదర్శి కావడం ఇదే మొదలు. మీ పెద్దమ్మ సంతోషంతో కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

ఖాతా ఇద్దరి సంతకాల మీద నడపాలి, రూపాయికైనా రసీదు రాయాలి, మేస్త్రీకి డబ్బంతా ముందే ఇవ్వకూడదు. ఇవి నీకు తెలిసినవే.

బైబిల్లో నెహెమ్యా గ్రంథం మాత్రం పదమూడు అధ్యాయాలూ కూర్చుని చదువు. 52 రోజుల్లో గోడ కట్టేశాడని అందరూ ప్రసంగాల్లో చెబుతారు. అంతకు ముందు ఎన్నాళ్లు ఆగాడో చూడు. పారసీక దేశపు షూషను కోటలో రాజుకు ద్రాక్షారసం గిన్నె అందించేవాడు. యెరూషలేము గోడ కూలిన సంగతి కిస్లేవు నెలలో విన్నాడు, రాజు ఎదుట నోరు విప్పింది నీసానులో. ఆ నాలుగు నెలలూ ఏడుపు, ఉపవాసం, ప్రార్థన. ఊరు చేరాక మూడు రోజులు ఊరకుండి, రాత్రిపూట కొద్దిమందితో గోడ చుట్టూ తిరిగాడు. ఒకచోట తను ఎక్కిన జంతువు దాటడానికి కూడా సందు లేకపోయింది. అంత దగ్గరగా చూశాడు. నువ్వేమో ఎన్నికైన మూడో రోజుకే కొత్త మందిరం బొమ్మ గ్రూపులో పెట్టేశావట! ఏమిటే ఆ తొందర? ముందు ప్రతి గడపా తొక్కు. చందా పుస్తకం ఇంట్లో పెట్టి మరీ వెళ్లు.

మూడో అధ్యాయం పేర్ల పట్టీయే కదా అని దాటేయకు. చాలామంది తమ ఇంటి ఎదుటి గోడను తామే బాగుచేసుకున్నారు. షల్లూము తన కూతుళ్లతో కలిసి కట్టాడు. పొద్దున ఆ వచనం దగ్గర నువ్వు గుర్తొచ్చి గీత గీశాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

పెంకులు తీసి స్లాబు వేసిన ఏడాది కార్యదర్శిని నేనే. ఇంటికి మూడు వందలు అనుకున్నాం. కోతపండుగ దగ్గరపడినా సగం ఇళ్లు బాకీ. సిమెంటు కొట్టువాడు రోజూ కబురు పెడుతున్నాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి బాకీ పేర్లు గట్టిగా చదివాను. కాలవగట్టు చివరింటామె వెనక వరసలో ఉంది. భర్త పోయి ఏడాది కాలేదు, నాట్లకు వెళ్లి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. అయినా వారం వారం పిడికెడు బియ్యం మూట తప్పకుండా తెచ్చేది. పేరు వినగానే కొంగు తలమీదికి లాక్కుని, చంటిదాన్ని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే మన గుమ్మంలో నిలబడి, కొంగు ముడి విప్పి మూడు వందలు నా చేతిలో పెట్టింది. నోట్లు చెమటకు తడిసి ఉన్నాయి. పెళ్లినాటి ఇత్తడి బిందె తాకట్టు పెట్టిందని సాయంత్రం మీ పెద్దమ్మ చెప్పింది. నేనేం చేశానో తెలుసా తల్లీ? రసీదు రాసిచ్చాను. బిందె సంగతి తెలిశాక కూడా తిరిగివ్వలేదు, లెక్క తప్పుతుందని.

స్లాబు పడింది. ఆమె మళ్లీ మందిరానికి రాలేదు.

అయిదో అధ్యాయం అప్పటికే ఎన్నోసార్లు చదివినవాణ్ణి. గోడ కథ నడుమ పేదల మొర వినిపిస్తుంది: పొలాలు తాకట్టు పెట్టాం, మా కూతుళ్లు దాసీలయ్యారు అని. నెహెమ్యాకు మండింది. అయినా నోరు జారకుండా తనలో తాను ఆలోచించుకుని పెద్దల్ని నిలదీశాడు. నేనూ నా బంధువులూ నా దాసులూ కూడా అప్పిచ్చినవాళ్లమే అని ఒప్పుకుని, పొలాలూ ఇళ్లూ వెనక్కి ఇప్పించాడు. అధికారిగా తనకు రావలసిన భత్యం పన్నెండేళ్లు ముట్టలేదు. నేను స్లాబు కోసం మొర వినలేదు. నువ్వు పనిమంతురాలివి, నాలాగే. అందుకే నాకు భయం.

నీ మీద కూడా మాటలు పుడతాయి. గోడ పని ఆపాలని చూసిన సన్బల్లటు నెహెమ్యాను ఓనో మైదానానికి రమ్మని నాలుగుసార్లు పిలిస్తే, పని విడిచి రాలేనని నాలుగుసార్లూ ఒకటే జవాబు. అయిదోసారి ముద్ర వేయని ఉత్తరం పంపాడు, దారిన పోయేవాడల్లా చదివేలాగ. ఇప్పుడు గ్రూపుల్లో పెట్టేది అదే కదా. నువ్వు అక్కడ వాదనకు దిగకు.

వేళకు తిను. ఎండలో ఇసుక లారీల వెంట తిరగకు.

కాలవగట్టు ఇంటామె ఇప్పటికీ అక్కడే ఉంది. మీ పెద్దమ్మ పోరగా పోరగా ఒకసారి వెళ్లాను. మంచినీళ్లిచ్చింది, కూర్చోమంది. నా నోటికి మాట రాలేదు, తాగి వచ్చేశాను. పై ఆదివారం నేను ఊరు వస్తున్నాను. మోకాళ్లు సహకరించడం లేదు, నీ స్కూటీ మీద అక్కడికి తీసుకెళ్లు. నువ్వు బయటే ఉండు. ఈసారి నేను మాట్లాడాలి.

మీ పెదనాన్న