ప్రైవేటుతో పోటీ పెడితే ప్రభుత్వ బడులు బాగుపడతాయా? – ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడి జవాబు

తమకు నచ్చిన బడిని ఎంచుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఇచ్చి, అందుకయ్యే డబ్బు కూడా ప్రభుత్వమే ఇస్తే, పిల్లలు ఎక్కడ జారిపోతారోనన్న భయంతో ప్రభుత్వ బడులు వాటంతట అవే బాగుపడతాయా అన్నది మీ ప్రశ్న. కడప జిల్లాలో ఇరవయ్యేళ్ళకు పైగా ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడిగా ఉన్నవాడిగా చెబుతున్నాను: ఆ పోటీ మా ఊళ్ళో ఎప్పుడో మొదలైంది, మేము ఎప్పుడో ఓడిపోయాం. అయితే మేము ఓడింది పాఠం చెప్పడంలో కాదు.

2018 జూన్‌లో బడులు తెరిచే ముందు, నేనూ నా తోటి ఉపాధ్యాయురాలూ కరపత్రాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాం. (ప్రైవేటువాళ్ళు ఉగాది నాటికే తిరగడం ముగించి సీట్లు నింపుకుంటారు, మాకు మాత్రం ఎండలు ముదిరాక, ఫొటోలు తీసి పంపమన్న షరతుతో, ఉత్తర్వు వస్తుంది.) అప్పటికి మా బడిలో ఐదు తరగతులకు కలిపి 41 మంది పిల్లలు, ఇద్దరం ఉపాధ్యాయులం. ఒకటో తరగతి మా దగ్గరే చదివి, చక్కగా చదవడం రాయడం నేర్చుకున్న ఒక పిల్లవాడిని రెండో తరగతికి మండల కేంద్రంలోని ప్రైవేటు బడిలో చేర్చారని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాం. తల్లిదండ్రులు కూలికి వెళ్ళారు. అరుగు మీద అవ్వ చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మేము చెప్పిందంతా విన్నది. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అని నేను వరుసగా చెప్పుకుపోతుంటే, గింజ తీయడం ఆపి అడిగింది:

"మీరు బాగా చెప్తారు సార్, కాదనను. మీ బల్లో ఐదు తరగతులకు ఇద్దరే గదా. మీరు మూడో తరగతికి చెప్పేటప్పుడు మా వాడు ఏం చేస్తా ఉంటాడు?"

నిజం చెప్పాలంటే, వాళ్ళ మనవడు ఆ సమయంలో పలక మీద అంకెలు దిద్దుతూనో, పక్కవాడి పెన్సిల్ లాక్కుంటూనో ఉంటాడు. నా దగ్గర జవాబు లేకపోవడంతో మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాను.

తల్లిదండ్రులు టై, బూట్లు, పసుపు బస్సు చూసి మోసపోతున్నారని మా ఉపాధ్యాయులు తరచుగా అంటారు. నేనూ చాలాకాలం అన్నాను. ఆ అవ్వ మాత్రం బస్సు ఊసెత్తలేదు. ఆమె ఎంచుకున్నది తరగతికొక మనిషిని. ఆ మనిషికి డీఎస్సీ ర్యాంకు లేకపోయినా, నా జీతంలో అయిదో వంతు కూడా రాకపోయినా, రోజంతా ఆ పిల్లల ఎదుటే ఉంటుంది. నేనూ పెద్ద భిన్నంగా ఏమీ చేయలేదు. మా అమ్మాయి పదో తరగతి దాకా ప్రైవేటులోనే చదివింది. ఈ మాట దాచిపెట్టి ప్రభుత్వ బడుల గురించి ఉపన్యసించే సహోద్యోగులంటే నాకు చిరాకు.

ఇక చదువు సంగతి. 2008 నుంచి నాలుగేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మా కడపతో సహా ఐదు జిల్లాల్లోని 180 పల్లెల్లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు సరిగ్గా మీరడిగిన ప్రయోగమే చేయించారు. లాటరీ తీసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ లాటరీ తగలని పిల్లలకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం వాళ్ళు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పనే చెప్పరు కాబట్టి అందులో వింతేమీ లేదు. ప్రైవేటు బడులు పిల్లవాడికి పెట్టే ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు లోపే అన్నది కూడా అదే అధ్యయనం తేల్చింది, దాన్ని నేను దాచను. కానీ మీ ప్రశ్నకు సంబంధించిన ఫలితం వేరే ఉంది: కొందరు పిల్లలు వెళ్ళిపోయినందువల్ల, ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లల చదువు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. పోటీకి మా బడులు ఉలకలేదు, పలకలేదు.

ఎందుకు ఉలకలేదో పైనుంచి చూసేవారికి అర్థం కాదు. అంగడికి బేరాలు తగ్గితే యజమాని సరుకు మారుస్తాడు. మా బడికి పిల్లలు తగ్గితే రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యను బట్టి ఉపాధ్యాయుల సర్దుబాటు) పేరుతో ఒక ఉపాధ్యాయుడిని తీసేస్తారు. ఉపాధ్యాయుడు పోయాడని ఇంకో పదిమంది పిల్లలు పోతారు. ఆ పది మంది పోయారని ఉన్న ఒక్కరి మీదా విచారణ. బడిని మెరుగుపరచడానికి నా చేతిలో ఉన్నదేమిటి? ఉపాధ్యాయుడిని వేసుకోలేను, తరగతి గది కట్టలేను. మరుగుదొడ్డి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం ఒక్కటే ఉండేది, కొన్నేళ్ళపాటు రోజూ అదే చేశాను కూడా.

ఎంపిక అనేది పోవడానికి తెరిచిన తలుపే గాని, తిరిగి రావడానికి కాదని కూడా ఆ పిల్లవాడి విషయంలోనే చూశాను. కరోనా తర్వాత 2021 ఆగస్టులో బడులు తెరిచినప్పుడు అవ్వ వాడిని చేయిపట్టుకొని ఐదో తరగతికి తీసుకొచ్చింది. ఫీజు బాకీ కట్టేదాకా రికార్డు షీటు (బదిలీ పత్రం) ఇచ్చేది లేదన్నారు పాత బడివాళ్ళు; పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ చైల్డ్ ఇన్ఫోలో, మేము తీసుకోవడానికి వీలుగా, వాడి పేరును డ్రాప్ బాక్సులోకి వదల్లేదు. రికార్డు షీటు లేదని చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ స్పష్టంగా చెబుతుంది గనుక నేను కూర్చోబెట్టుకున్నాను. చట్టం వేరు, పోర్టల్ వేరు. మూడు నెలలపాటు వాడు మా బడిలో భోంచేసి, మా బడిలో చదివి, పోర్టల్‌లో మాత్రం పాత బడి పిల్లవాడిగానే ఉన్నాడు. అమ్మఒడి డబ్బు ఎక్కడ ఆగిపోతుందోనని వాళ్ళమ్మ రెండు బడుల మధ్యా కాళ్ళరిగేలా తిరిగింది.

ఆ ఏడాది మా సంఖ్య 58కి చేరింది. పోటీలో గెలిచామనే అనుకున్నాం. మరుసటి ఏడాది 2022లో 117 నంబరు ఉత్తర్వు వచ్చి, మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు దూరంలో, మెయిన్ రోడ్డుకు అవతల ఉన్న హైస్కూలులో కలిపేశారు. లారీలు తిరిగే రోడ్డు దాటించడానికి భయపడి సగం మంది పిల్లలను తల్లులు ప్రైవేటు వ్యాను ఎక్కించారు. ఒకటి, రెండు తరగతులతో 21 మంది మిగిలారు. నా తోటి ఉపాధ్యాయురాలిని వేరే మండలానికి పంపేశారు.

2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి, తరగతికొక ఉపాధ్యాయుడుండేలా మోడల్ ప్రాథమిక పాఠశాలలు పెట్టారు. అవ్వ అడిగింది అదే, ఏడేళ్ళ ముందు. అయితే అది పిల్లలు ఎక్కువగా ఉన్న పక్క ఊరికి వచ్చింది. మా ఊళ్ళో అంతమంది పిల్లలు మిగల్లేదు. మొన్న జూన్‌లో కరపత్రాలతో మళ్ళీ ఆ వీధికి వెళితే, అవ్వ అరుగు మీదే ఉంది. చిన్న మనవరాలికి ఐదేళ్ళు నిండాయట. "ఇప్పుడెంతమంది సార్లున్నారు మీ బల్లో?" అని అడిగింది. నేనొక్కడినే అవ్వా అన్నాను. కరపత్రం తీసుకొని, మడిచి, బొడ్లో దోపుకుంది.