తులం అంటే పదా, పదకొండున్నరా? మీ నష్టం అక్కడ లేదు

ప్రశ్న: 2006లో నా పెళ్లికి అమ్మానాన్నలు పెట్టిన బంగారాన్ని, 2011లో మా ఆయన దగ్గరికి దుబాయి వెళ్తూ అన్నయ్య దగ్గర దాచాను. ‘చెల్లెలి బంగారు నగలు 20 తులాలు నా వద్ద ఉన్నవి, అడిగినప్పుడు ఇవ్వగలను’ అని తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేశాడు. 2024 మార్చిలో వచ్చి అడిగితే, పాతవి కరిగించేశానని 200 గ్రాముల కొత్త నగలు ఇచ్చాడు. వాటి మీద 18కె750 అని ముద్ర ఉంది. తులమంటే 11.664 గ్రాములు కదా, 33 గ్రాములు తగ్గిందని వాట్సాప్‌లో అడిగితే, ‘నేనివ్వాల్సిందేమీ లేదు’ అని ఏప్రిల్‌లో జవాబు పెట్టాడు. నాన్న పోయాక తండ్రిలా చూసినవాడు ఇలా చేస్తాడనుకోలేదు. కాగితంలో 20 తులాల పక్కన ‘233 గ్రాములు’ అని రాసుకుంటే కోర్టులో చెల్లుతుందా? పెళ్లినాటి బిల్లులు ఎక్కడున్నాయో చూడాలి. 2009లో హారం ఒకసారి బ్యాంకులో కుదువ పెట్టి విడిపించాం.
– ఒక సోదరి, జగిత్యాల

జవాబు: ముందుగా, ఆ కాగితం మీద పెన్ను పెట్టకండి. ఒక్క అంకె కూడా రాయొద్దు. సంతకమైన కాగితంలో తర్వాత అంకెలు చేర్చడం ఫోర్జరీ. దాన్ని అసలుదని కోర్టులో దాఖలు చేయడం మరో నేరం. రెండు సిరాలకూ తేడా ఉందని నిపుణుడు ఒక్క మాట చెబితే, ఈరోజు మీ చేతిలో ఉన్న ఏకైక బలమైన సాక్ష్యం పోతుంది, ముద్దాయి స్థానంలో మీ అన్న బదులు మీరుంటారు.

ఇక తులం సంగతి. మీ లెక్క పాత లెక్క ప్రకారం సరైనదే: 12 మాషాల తులం, అంటే 180 గ్రెయిన్లు, 11.664 గ్రాములు. అయితే కోర్టు అడిగేది 2011లో మీ ఊరి బంగారం దుకాణాల్లో తులమంటే ఎంత అని. స్థానిక మాటకు అర్థమేమిటో సాక్ష్యంతో తేల్చుకోవచ్చని పాత సాక్ష్య చట్టం 98వ సెక్షన్ చెప్పింది, కొత్త చట్టంలోనూ అది ఉంది. జగిత్యాలలో ఏ కంసాలిని బోనెక్కించినా పది గ్రాములనే అంటాడు. ఈ వాదన మీద ఖర్చు పెట్టకండి.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ముద్రలోనే కేసంతా ఉంది. 18కె750 అంటే వెయ్యి భాగాల్లో 750 మాత్రమే అసలు బంగారం. మీ పెళ్లి నగలు 22 క్యారెట్లవైతే 916 భాగాలు. 200 గ్రాముల 22 క్యారెట్ల నగలో మేలిమి 183.2 గ్రాములు, మీకొచ్చిన దాంట్లో 150. తేడా 33.2 గ్రాముల మేలిమి. 22 క్యారెట్లలో చెప్పాలంటే 36 గ్రాముల పైచిలుకు. తులం వాదన పూర్తిగా గెలిచినా వచ్చేది 33.28 గ్రాములే. బరువు సరిపోయినా మీకు అంతకన్నా ఎక్కువే తగ్గింది.

అసలు మీ అన్న ఇవ్వాల్సింది 20 తులాల ఏదో ఒక బంగారం కాదు, మీరిచ్చిన ఆ నగలే. కాంట్రాక్టు చట్టం 148, 160 సెక్షన్ల ప్రకారం దాచుకోమని ఇచ్చిన వస్తువును అలాగే తిరిగివ్వాలి. కరిగించడమే తప్పు. ఆయన వైపు నుంచి వచ్చే వాదన ఒకటే: ‘కొత్తవి తీసుకుని తృప్తి పడింది’ అని. ‘అంతా ముట్టింది’ అని మీరు ఎక్కడైనా సంతకం చేశారా? చేయకపోతే ఆ వాట్సాప్ సంభాషణ మీకు రక్ష. ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి.

పాతవి 22 క్యారెట్లని నిరూపించాల్సింది మాత్రం మీరే. ఇన్నేళ్లూ బిల్లులు వెతకకపోవడం క్షమించరాని అజాగ్రత్త. ఈ వారమే వెతకండి. దొరకకపోతే హారం కుదువపెట్టిన బ్యాంకుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. బ్యాంకు తరఫున బంగారం విలువ కట్టే అప్రైజర్ చీటీలో మొత్తం బరువు, రాళ్లు తీసేసిన నికర బరువు, క్యారెట్ రాస్తారు. ఒక్క హారానిదే అయినా పరాయి చేతి రాత కాబట్టి దానికి విలువ ఉంటుంది. పెళ్లి ఫొటోలు ఏ నగలున్నాయో చూపిస్తాయి గానీ మేలిమిని చూపించవు.

కొత్త నగలను మార్చుకోవడం, కరిగించడం అసలు చేయకండి. వాటి మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య) ఉంటే, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసి స్క్రీన్‌షాట్ ఉంచండి. తర్వాత బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. కంసాలి గీటురాయి మీద గీసి చెప్పిన మాటకు కోర్టులో అంత బరువుండదు.

గడువు: దాచిన వస్తువు కోసం దావాకు, అడిగాక నిరాకరించిన రోజు నుంచి మూడేళ్లని లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్. అలా ఏప్రిల్ నుంచి లెక్కించవచ్చు. కానీ కరిగించిన సంగతి మీకు మార్చిలోనే తెలిసింది, అవతలి వకీలు ఆ తేదీనే పట్టుకుంటాడు. కాబట్టి 2027 మార్చి మొదలవకముందే దావా కోర్టులో పడాలి.

ముందు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు పంపండి. అందులో తులం ఊసెత్తకుండా, పాత నగలు లేదా 22 క్యారెట్ల లెక్కన తగ్గిన బంగారం, లేదా దాని విలువ అడగండి. రాజీకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేయవచ్చు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. ఆ సంస్థ నడిపే రాజీ వేదిక లోక్ అదాలత్. దాని అవార్డు కోర్టు డిక్రీ (తీర్పు)తో సమానం, దాని మీద అప్పీలు లేదు కాబట్టి అక్కడ రాసే రాజీపత్రంలో బరువు గ్రాముల్లోనూ, నాణ్యత 916 అనీ రాయించుకున్నాకే సంతకం పెట్టండి. రాజీ మాటలు సాగుతున్నాయి కదా అని దావా గడువు ఆగదు.