కొరమీను గద్దలు తిరిగి రావడానికి అన్నేళ్లు ఎందుకు పడుతుంది?

నీళ్లున్నాయి, చేపలున్నాయి, కాల్చి చంపేవారూ లేరు. అయినా ఒకప్పుడు కనుమరుగైన కొరమీను గద్దలు (చేపలు పట్టి బతికే ఆస్ప్రే పక్షులు) ఇంగ్లండుకు వాటంతట అవే ఎందుకు రావు, పిల్లలను వేరే చోటి నుంచి తెచ్చి పెంచవలసిన అవసరమేమిటి అని మీరు అడిగారు. నేను ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటూ, దగ్గరలోని రట్లాండ్ వాటర్ జలాశయానికి ఏటా వేసవిలో వెళ్తుంటాను కనుక అక్కడ తెలుసుకున్నది రాస్తున్నాను.

అసలు కారణం మగ గద్ద స్వభావం. తాను ఏ నీటి ఒడ్డున మొదటిసారి రెక్క విప్పి ఎగిరిందో ఆ పరిసరాలకే తిరిగి వచ్చి గూడు కడుతుంది. 1954లో స్కాట్లండులోని లాక్ గార్టెన్ సరస్సుకు ఇవి మళ్లీ చేరి సంతతి పెంచుకున్నా, ఆ తరువాత నలభై ఏళ్లకు కూడా మధ్య ఇంగ్లండులో ఒక్క గూడూ వెలవలేదు. అందుకే 1996 నుంచి 2001 వరకు, ఆరు వారాల వయసున్న 64 పిల్లలను స్కాట్లండు నుంచి రట్లాండుకు తెచ్చి, నీటికి ఎదురుగా పెట్టిన పంజరాలలో ఉంచి, మనుషులు కంటపడకుండా చేపలు అందించి, రెక్కలొచ్చాక వదిలారు. అవి తల్లిదండ్రుల తోడు లేకుండానే సుమారు 5,000 కిలోమీటర్లు ఎగిరి పశ్చిమ ఆఫ్రికా చేరుతాయి. బతికినవి రెండు మూడేళ్లకు గాని తిరిగి రావు. వచ్చినవి కొద్దే. మొదటి పిల్ల 2001లో పుట్టింది.

ఒక జూన్ ఉదయం రట్లాండ్ వాటర్‌లోని మాంటన్ బే గూటిని దూరదర్శినితో చూశాను. మగది చేపను తల ముందుకు వచ్చేలా గోళ్లతో నిలువుగా పట్టుకుని వచ్చి, ఎండుకొమ్మ మీద వాలి, ముందు తల భాగం తాను తిని, మిగిలినదాన్ని గూటికి తెచ్చింది. ఆడది దాన్ని కాలి కింద అదిమి, సన్నని పీలికలుగా చీల్చి, మెడ వంచి ఒక్కొక్క పిల్ల నోటికీ అందించింది. చిన్నప్పుడు చలికాలంలో కొల్లేటి మీద ఈ గద్దను చూశాను గాని, అక్కడ అది వలస అతిథి మాత్రమే. గూడు కట్టగా చూడటం అదే మొదలు.

ఆడవి మాత్రం పుట్టిన చోటికి దూరంగా వెళ్లి జతకడతాయి. ఇంగ్లండు దక్షిణ తీరంలోని పూల్ హార్బర్‌లో 2017లో ఇదే పద్ధతి మొదలుపెట్టగా, 2022లో పిల్లలు పుట్టాయి. వాటి తండ్రి అక్కడ వదిలిన పిల్లలలో ఒకటి. తల్లి రట్లాండ్‌లో పుట్టింది.