లినక్స్ నుంచి బీఎస్‌డీకి: ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: నేను డిగ్రీ కళాశాల అధ్యాపకుణ్ని. 6 ఏళ్లుగా ఇంట్లో లినక్స్ మింట్ మీదే పని చేసుకుంటున్నాను. నాది అసెంబుల్ చేయించిన కంప్యూటర్. 8 జీబీ ర్యామ్, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు, యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఉన్నాయి. పాఠాలు, ప్రశ్నపత్రాలు తెలుగులోనే టైపు చేస్తాను. ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే కరెంటు పోతుంది, యూపీఎస్ రెండు నిమిషాలైనా ఆగదు. లినక్స్ లాగే యూనిక్స్ కోవకు చెందిన బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకోవాలని ఉంది. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, గోస్ట్‌బీఎస్‌డీల్లో నాకు ఏది తగినది?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: యంత్రం వివరాలు రాసి మంచి పని చేశారు, ఈ ఎంపికలో సగం వాటితోనే తేలిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీలో ఎన్‌విడియా కార్డుల సత్తాను పూర్తిగా వాడుకునే డ్రైవర్ లేదు. తెర వెలుగుతుంది గాని, వీడియో చూసేటప్పుడు భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. పైగా డిస్కు మీద ఫైళ్లను అమర్చే దాని ఫైల్‌సిస్టమ్‌కు జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసి ఉంచుకునే పద్ధతి) లేనందువల్ల, కరెంటు హఠాత్తుగా పోయి వచ్చినప్పుడల్లా డిస్కును ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రాం తనిఖీ చేసేదాకా మీరు ఆగవలసి ఉంటుంది. 1995లో నెట్‌బీఎస్‌డీ అనే మరో బీఎస్‌డీ నుంచి విడివడిన ఆ వ్యవస్థ భద్రతనే ప్రాణంగా చూసుకుంటుంది. దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ కావడానికి లోకమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది అక్కడే. దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఏదైనా చేతికొస్తే తప్పక పెట్టి చూడండి. ఈ కంప్యూటర్‌కు మాత్రం వద్దు.

మీకు తగినది ఫ్రీబీఎస్‌డీ. ఎన్‌విడియా డ్రైవర్ దాని ప్యాకేజీల్లోనే దొరుకుతుంది. పాత కార్డులకు వేరే వెర్షన్లు ఉన్నాయి కనుక మీ కార్డు మోడల్ చూసుకొని ఎంచుకోండి. అంతకంటే ముఖ్యమైనది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే దాని ఫైల్‌సిస్టమ్. అది పాత సమాచారం మీద కొత్తది రాయదు. ఖాళీ చోట రాసి, అంతా కుదిరాకే చిరునామాను అటు మళ్లిస్తుంది, కాబట్టి నడుమ కరెంటు పోయినా డిస్కు మీద మునుపటి స్థితి చెక్కుచెదరదు. మీరు సేవ్ చేయని ప్రశ్నపత్రాన్ని మాత్రం అదీ కాపాడలేదు. అప్‌డేట్‌కు ముందు ‘బీఈసీటీఎల్ క్రియేట్’ (bectl create) అనే కమాండ్‌తో అప్పటి వ్యవస్థను ఒక పేరు పెట్టి దాచి ఉంచుకుంటే, కొత్తది మొరాయించినప్పుడు బూట్ మెనూలో ఆ పేరును ఎంచుకొని నిన్నటి వ్యవస్థలోకి వెళ్లిపోవచ్చు. ఇది ఒక్కటి అలవాటైతే అప్‌డేట్ అంటే భయం పోతుంది.

లినక్స్‌లో వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ ఒకరిది, మిగతా పనిముట్లు వేర్వేరు బృందాలవి. ఫ్రీబీఎస్‌డీలో రెండూ ఒకే చోట, ఒకే బృందం చేతుల్లో తయారవుతాయి; మీరు వేసుకున్న ప్యాకేజీలన్నీ ‘యూఎస్‌ఆర్ లోకల్’ (/usr/local) ఫోల్డర్ కింద విడిగా ఉంటాయి. మింట్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఇందులో లేదు, ఏ సర్వీసు నడవాలో ‘ఆర్‌సీ డాట్ కాన్ఫ్’ (rc.conf) అనే ఒక్క ఫైల్‌లో రాస్తారు.

తెలుగు టైపింగ్‌కు దిగులు వద్దు. మింట్‌లో మీరు ఇన్‌స్క్రిప్ట్ వాడుతున్నట్లయితే ఆ కీబోర్డు అమరిక తెర మీద కిటికీలను చూపే ఎక్స్ విండోతోనే వస్తుంది. తెలుగు అక్షరాలున్న నోటో ఫాంట్లు ప్యాకేజీగా వేసుకుంటే చాలు. ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ మాత్రం నేరుగా నడవదు, కాపీ చేయకుండా తాళం వేసే డీఆర్‌ఎం రక్షణ ఉన్న ఆన్‌లైన్ సినిమాలూ అంతే.

గోస్ట్‌బీఎస్‌డీ కూడా ఫ్రీబీఎస్‌డీయే, దాని మీద మేట్ డెస్క్‌టాప్ అమర్చి ఇస్తారు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో రాసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, మీ డాంగిల్‌ను గుర్తిస్తుందో లేదో ముందుగా చూడండి. గుర్తించకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్‌తో పని నడుపుకోవచ్చు. ఆ తరువాత అసలు ఫ్రీబీఎస్‌డీని వేరే ఎస్‌ఎస్‌డీ మీద వేసుకోండి. వేసేటప్పుడు మింట్ ఉన్న డిస్కు కేబుల్ ఊడదీసి పక్కన పెట్టండి. ఇన్‌స్టాల్ అయ్యాక నల్లని తెర మీద లాగిన్ ఒక్కటే కనిపిస్తుంది, డెస్క్‌టాప్‌ను మీరే అమర్చుకోవాలి. ఫ్రీబీఎస్‌డీ వాళ్ల మార్గదర్శి అయిన హ్యాండ్‌బుక్‌లో అదంతా వివరంగా ఉంది. రెండు మూడు రోజులు పడుతుంది కనుక, పరీక్షల నెలల్లో కాకుండా బతుకమ్మ, దసరా సెలవుల్లో మొదలుపెట్టండి.