తూములో ఉండిపోయిన పిల్ల

హనుమకొండ

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఉద్యోగం మానేసి పిల్లల కోసం మాయలూ మంత్రాల నవల రాస్తానన్నావట, అదీ మూడు భాగాలట. "నీ మాటైతే వింటది అక్కా, నువ్వే చెప్పు" అన్నది. సరే అన్నాను గానీ నాకు నిద్ర పట్టలేదు. భయం ఒకవైపు, సంతోషం ఒకవైపు. మన ఇంట్లో నా తర్వాత కథలు రాసేవాళ్లు ఉండరనే అనుకున్నాను.

ఉద్యోగం ఇప్పుడే మానకు, పొద్దున్నే లేచి గంటసేపు రాయి. రాసింది రెండు మూడు చోట్ల దాచుకో. పెద్దవాళ్లకు చూపించే ముందు పదేళ్ల పిల్లలకు చదివి వినిపించు, వాళ్లు ఎక్కడ కదలడం మొదలుపెడితే అక్కడ కథ సాగలేదని అర్థం. ఎవరైనా కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే, హక్కులు ఎన్నేళ్లకు రాసిస్తున్నావో చూసుకో. ఎన్నేళ్లో రాయకపోతే మన చట్టం ఐదేళ్లే అని లెక్కేస్తుంది. రచయిత బతికినంతకాలం, పోయాక 60 ఏళ్లు ఉండే హక్కు అది. ఊరికే ఇచ్చేయకు.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ "మూడు భాగాలు" అన్న మాట.

1986లో ఒక పిల్లల పత్రికకు నేను ధారావాహిక రాశాను. పన్నెండు నెలల కథ. గణపతిదేవుడి కాలం నాటి పాఖాల చెరువు చూసి వచ్చాక పుట్టింది. చెరువు నీళ్లు వదిలే పని చేసే ఒక నీరటి కూతురు, తండ్రికి జ్వరమొస్తే తానే తూము తెరవడానికి దిగుతుంది. అక్కడ రాతి గోడకు తలుపు కనిపిస్తుంది. తలుపు అవతల నీళ్ల కింద ఒక ఊరు. ఏడో నెలలో ఆ తలుపు మూసుకుపోయి పిల్ల లోపలే చిక్కుకుంది.

అప్పటికి నాలుగు నెలలుగా డబ్బు రాలేదు. రెండు సంచికల్లో నా పేరు కూడా వేయలేదు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. నాకు కోపమొచ్చి ఎనిమిదో భాగం పంపలేదు. తప్పు వాళ్లదే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ తూములో ఉండిపోయింది వాళ్లు కాదు కదా.

మూడు నెలల తర్వాత పత్రిక వాళ్లు నాకు మూడు పోస్టు కార్డులు పంపారు. మూడూ ఒకే బాబువి, నర్సంపేట దగ్గరి పల్లె నుంచి. మొదటిదాంట్లో "నీరటి బిడ్డ బయటికొచ్చిందా?" అని అడిగాడు. రెండోదాంట్లో "ఆమెకు ఆకలైతలేదా?" అని. మూడోదాంట్లో తానే దారి చెప్పాడు. వానాకాలం చెరువు నిండి మత్తడి పోస్తే, నీళ్లతోపాటు ఆమె కూడా బయటికి వస్తది కదా అని.

నేను పన్నెండు నెలలకు వేసుకున్న ముగింపు కన్నా అది మంచి ముగింపు. ఆ బాబుకు నేను జవాబు రాయలేదు. ఏం రాయాలి, నా కోపం గురించి పదేళ్ల పిల్లవాడికి చెప్పాలా? రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూనే సెలవులు వచ్చాయి, బదిలీ వచ్చింది. ఆ కార్డులు ఇంకా నా పెట్టెలోనే ఉన్నాయి.

చిన్నప్పుడు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో చందమామ కోసం ఎదురుచూసేవాళ్లం. అందులో ధారావాహికలకు రాసినవాళ్ల పేరుండేది కాదు. వాటిలో ఎన్నో రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పేరు లేకుండానే ఆయన కథలు చివరిదాకా నడిపించారు. నేను పేరు లేని రెండు సంచికలకే ఆగిపోయాను. పేరు అడగొద్దని కాదు, గట్టిగా అడుగు. కానీ ఆ కోపం చదివే పిల్లల మీద పడనీయకు.

నువ్వు తలగడ కింద పెట్టుకుని చదివిన హ్యారీ పాటర్ సంగతే చూడు. రౌలింగ్‌కు 1990లో రైల్లో ఆ ఆలోచన వచ్చింది, మొదటి పుస్తకం 1997లో వచ్చింది. అంతకుముందు పన్నెండు మంది ప్రచురణకర్తలు వద్దన్నారని అందరూ చెబుతారు. నాకు గొప్పగా అనిపించేది 2007. ఏడు పుస్తకాలు అనుకుంది, ఆ ఏడాది ఏడోది చేతిలో పెట్టింది. అప్పటికి మొదటి పుస్తకం చదివిన పిల్లలు పెళ్లీడుకొచ్చారు.

అందుకే ఒక పని చెయ్యి. గోడకు పొడవాటి కాగితం అంటించి చేర్యాల పటంలాగా పైనుంచి కిందికి గడులు గియ్యి. మన కథలవాళ్లు పటం విప్పేటప్పటికే అందులో చివరి బొమ్మ వేసి ఉండేది. నువ్వు కూడా చివరి గడి ముందు నింపు. మూడు భాగాలూ చిత్తుప్రతిగానైనా పూర్తయ్యేదాకా మొదటిదాన్ని ఎవరికీ ఇవ్వకు.

వీణ మూడు నెలలకే మానేశావు, చిత్రలేఖనం ఒక్క ఎండాకాలం. అది తలుచుకుంటేనే నాకు టెన్షన్. కానీ కథ సగంలో ఆపితే నా కొంగు పట్టుకుని నిద్రపోనిచ్చేదానివి కాదు, అదీ గుర్తుంది. తూము కథ నీకు చెప్పినప్పుడు, మత్తడి పోసి పిల్ల బయటికొచ్చిందని చెప్పాను చూడు, చప్పట్లు కొట్టావు. ఆ ముగింపు నాది కాదమ్మా, ఆ బాబుది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ చివరి గడి రాసుకుని రా, సకినాలు చేసి ఉంచుతాను. ముందైతే మీ అమ్మకు ఫోన్ చెయ్యి. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదట.

మీ పెద్దమ్మ