తీగ పగడం మీద గాజు చేప: అదేమిటి, దగ్గరికెళ్తే ఎటు పోతుంది, ఇంట్లో పెంచొచ్చా?

సముద్రపు నేల మీంచి ఒంటరిగా లేచిన తీగలాంటి పగడం, దాని మీద అంగుళం పొడవు గాజు చేప, ముందుకు వంగేసరికి మాయం. అండమాన్‌లో డైవింగ్ చేస్తూ ఇలాంటిది చూసి ఉంటే, అది దాదాపు ఖాయంగా విప్ కోరల్ గోబీ అనే చేప. శాస్త్రనామం బ్రయనినోప్స్ యోంగీ. ఎర్ర సముద్రం నుంచి హవాయి దాకా ఉంటుంది, ఎంత పెరిగినా 3-4 సెం.మీ. దాటదు. మన నదుల్లో దొరికే ఇసుక దొందు కూడా గోబీ వర్గమే.

అది మాయం కాలేదు, తీగ అవతలి పక్కకి తిరిగిందంతే. పొట్ట కింది రెండు రెక్కలు కలిసిపోయి అతుక్కునే కప్పులా ఉంటాయి కాబట్టి, జోరు ప్రవాహంలోనూ పట్టు జారదు. పైభాగంలోంచి వెన్నెముక కనిపిస్తుంది. కళ్లు, పేగులు మాత్రం పారదర్శకం కాలేవు. అందుకే పొట్ట వైపు గోధుమ, ఎరుపు మచ్చలుంటాయి. అవి పగడం రంగులో కలిసిపోతాయి.

ఈ చేప బతుకంతా ఆ ఒక్క తీగ మీదే. ప్రవాహంలో కొట్టుకొచ్చే చిన్న చిన్న జీవులను చటుక్కున ముందుకెళ్లి అందుకుని, మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. చిన్న తీగ మీద ఒకటే ఉండొచ్చు. పొడవైన దాని మీద సాధారణంగా ఒక జంట ఉంటుంది, అప్పుడప్పుడూ వాటితో పాటు చిన్న పిల్ల కూడా. పెద్దది మగది. ఈ జాతిలో ఆడవి మగవిగా మారగలవు. కాబట్టి ఒక తీగ మీద జంట కుదరడానికి, సరైన లింగం చేప ఎక్కడినుంచో ఈదుకుంటూ రావాల్సిన పని లేదు. గుడ్ల కోసం తీగ మీది జీవపొరను కొంత మేర చంపేసి, బయటపడ్డ నల్లటి కాడ చుట్టూ పెడతాయి. తీగలో బోసిగా ఒక పట్టీ కనిపిస్తే అక్కడ నిదానంగా చూడండి. పొదిగిన పిల్లలు మాత్రం నీళ్లలో కొట్టుకుపోతాయి. మరో తీగ దొరికితేనే వాటికి బతుకు.

ఫోటో కావాలంటే ఇద్దరు వెళ్లడం మేలు. ఒకరు అవతలి పక్క కదలకుండా నిలబడితే చేప కెమెరా వైపుకి తిరుగుతుంది. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, తీగకు దిగువన ఉండండి. ఎగువన ఉంటే నీళ్లు మిమ్మల్ని పగడం మీదికే తోస్తాయి. 100 ఎంఎం మాక్రో లెన్సు, ఎఫ్16, 1/200 సెకండుతో మొదలుపెట్టండి. ఫ్లాష్ తిన్నగా ముందు నుంచి కొడితే ఫోటోలో పగడం తెల్లగా పడి చేప కనిపించకుండా పోతుంది. పక్క నుంచి, వీలైతే కొంచెం వెనక నుంచి కొట్టండి, వెన్నుపూసలు విడివిడిగా తేలతాయి. ఫోకస్ కంటి మీద లాక్ చేయండి. ఆటోకి వదిలేస్తే తీగ ఊగిన ప్రతిసారీ వెనక నీళ్లను పట్టుకుంటుంది. కొందరు గైడ్లు పాయింటర్ (చూపించడానికి వాడే పుల్ల)తో తీగను వంచి చూపిస్తారు, అది వద్దని చెప్పండి. పొర గీసుకుపోతుంది, గుడ్లుంటే రాలిపోతాయి.

అక్వేరియం ఆలోచన మానుకోండి. ఆ తీగ నల్ల పగడం కోవది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి, తీయడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, దానికి ఎడతెగని ప్రవాహం, అందులో నిత్యం తిండి కావాలి. ఇంటి తొట్టెలో ఆ రెండూ కుదరవు.

మీరు చూసింది తీగ మీద కాకుండా కొమ్మల పగడం పైన గుంపుగా తేలుతూ, ఊదారంగు కళ్లతో ఉంటే, అది దీని దాయాది బ్రయనినోప్స్ నాటన్స్. అదే తీగ మీద రొయ్యలాంటిది కనిపిస్తే నిజంగా రొయ్యే: పాంటొనైడిస్ అనే చిన్న రకం కూడా అక్కడే కాపురం పెడుతుంది.